ఆమె సంతకం కింద పెన్సిలు గీత

ఆరేళ్లుగా ఒక మాటను కక్కలేక మింగలేక మోస్తున్నాను. ఎవరికీ చెప్పలేదు. నా భార్యకు చెప్పలేదు. ఆమె ఇప్పుడు లేదు. అసలు చెప్పవలసిన మనిషికి చెప్పలేదు. ఆమె కూడా పోయిన వానాకాలంలో వెళ్లిపోయింది. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. ఇది ధైర్యం కాదు. ఆ సంగతి నాకు తెలుసు.

నేను పంచాయతీ కార్యదర్శిగా పనిచేశాను. పుట్టింది ఉద్దానంలోనే, కానీ సముద్రానికి దూరంగా, కొబ్బరి తోటల మధ్య. ఉద్యోగం చివరి ఏళ్లలో నాకిచ్చింది ఒక మత్స్యకార గ్రామం. సర్పంచి నూకాలమ్మ. చేపలమ్మి పిల్లల్ని పెంచిన మనిషి. భర్త, కొడుకు వేటకు వెళ్లేవాళ్లు. సముద్రం మీద చేపలు పట్టడాన్ని అక్కడ వేట అంటారు. సర్పంచి అయ్యాక కూడా ఆమె తెల్లవారుజామున ఒడ్డుకు వెళ్లి, పడవలు వచ్చాక చేపల వేలంపాటలో నిలబడి, ఆ తర్వాతే పంచాయతీ ఆఫీసుకు వచ్చేది. చేతులు ఎంత కడుక్కున్నా వాసన పోదని తనే నవ్వేది.

ఊళ్లో తాగునీటి శుద్ధి ప్లాంటు ఉండేది. కరెంటు లేక సగం రోజులు ఆగిపోయేది. ఉద్దానంలో మంచినీళ్లంటే ఏమిటో బయటివాళ్లకు చెప్పడం కష్టం. కిడ్నీ జబ్బుకు నీళ్లే కారణమని కొందరంటారు, కాదని కొందరంటారు. ఏది నిజమైనా, ప్లాంటు నుంచి తెచ్చుకున్న బిందె నీళ్లు మా వైపు మందుతో సమానం. అప్పటికి నా భార్యకు ఆ జబ్బు ముదిరింది. వారానికి రెండుసార్లు పలాస తీసుకెళ్లి డయాలసిస్ చేయించేవాణ్ణి.

చుట్టుపక్కల ఏడు పంచాయతీలు కలిసి సౌర విద్యుత్తు కొనుక్కోవాలన్న ఆలోచన అప్పుడు వచ్చింది. ఒక్క పంచాయతీ వాడే కరెంటు ఎంత? ఒంటరిగా వెళితే అమ్మేవాడు మాట కూడా వినడు. ఏడు ఊళ్ల నీటి ప్లాంట్లు, పంపు మోటార్లు, వీధిదీపాలు, ఆఫీసులు అన్నీ ఒక్క జాబితాగా కట్టి అడిగితే బేరం కుదురుతుంది. నాలుగిళ్లవాళ్లు కలిసి బియ్యం బస్తా కొని పంచుకున్నట్టే. పగటి వేళ ప్లాంట్లకు కరెంటు ఆగదన్నది ఒప్పందంలో మొదటి షరతు. నాకది చాలా నచ్చింది. ఎక్కడో దూరదేశాల్లో చిన్న చిన్న ఊళ్లు కూడా ఇలా కలిసి కొనుక్కుంటున్నాయని చదివాను. ఏడు ఊళ్ల కాగితాలూ తయారుచేసే పని నేనే అడిగి తీసుకున్నాను. ఇది గుర్తుంచుకోండి. ఎవరూ నా నెత్తిన పెట్టలేదు.

ఒక నియమం ఉండేది. ప్రతి ఊళ్లోనూ గ్రామసభ పెట్టి ఒప్పందం చదివి వినిపించాలి. ఇష్టం లేని ఊరు రెండు నెలల్లోగా తప్పుకోవచ్చని చెప్పాలి. ఎండ నుంచి వచ్చే కరెంటు కనుక రాత్రి వాడకం తగ్గించాలి. రాత్రి పదకొండు దాటాక వీధిదీపాలు వాటంతటవే ఆరిపోయేలా టైమర్లు పెడతారు. రాత్రంతా వెలగవలసిన దీపం ఏదైనా ఉందా అని జనాన్ని అడిగి, ఉంటే ఒక గడిలో రాయాలి.

ఆ గడి నేను ఖాళీగా వదిలేశాను.

మిగిలిన ఆరు ఊళ్లూ రైతుల ఊళ్లు. అక్కడ సభలు జరిగాయి. గొడవలయ్యాయి, నవ్వులాటలయ్యాయి, తీర్మానాలు వచ్చాయి. మా ఊళ్లో సభ పెట్టిన రోజున కవ్వలు పడ్డాయి. అంటే ఒడ్డుకు దగ్గరగా గుంపులు గుంపులుగా కవ్వ చేపలొచ్చాయి. మగాళ్లందరూ సముద్రం మీద. ఆడవాళ్లందరూ పాట దగ్గర. సభకు వచ్చింది పదకొండు మంది, అందరూ ముసలివాళ్లు. వాళ్లలో ఒక ముసలమ్మ కుర్చీలు లెక్కబెట్టి నావైపు జాలిగా చూసింది.

"కవ్వలొగ్గీసి కరెంటు కబుర్లకి ఎవులొస్తారు బాబూ? వేట నేని రోజున పెట్టుకో. ఊరు ఊరంతా వొస్తాది. వొద్దన్నా వొస్తాది."

ఆమె చెప్పింది నిజం. వారంలో ఒక రోజు వాళ్లు వేటకు వెళ్లరు. అప్పుడు వలలు బాగుచేసుకుంటూ అందరూ ఒడ్డునే ఉంటారు. ఊరి మాటలన్నీ ఆ రోజే తేలుతాయి. ఆ సంగతి నాకు తెలియనిది కాదు. ఆ రోజు రావడానికి ఇంకా నాలుగు రోజులుంది. కాగితాలన్నీ కలిపి టెక్కలి ఆఫీసులో ఇవ్వవలసినది ఎల్లుండి. గడువు కావాలని అడిగి ఉండవచ్చు. అడగలేదు. పైగా వేట లేని రోజునే నా భార్యకు డయాలసిస్. చాలాకాలం నాకు నేను ఈ కారణమే చెప్పుకున్నాను. జబ్బు మనిషిని వదిలి సభ ఎలా పెట్టను అని. కానీ ఆ రోజు తను తీసుకెళ్తానని నా బావమరిది ముందే అన్నాడు. అక్కర్లేదన్నాను. జబ్బుపడిన భార్యను అడ్డం పెట్టుకున్నాను.

మరి అసలు కారణం ఏమిటి? ఎన్నోసార్లు నన్ను నేనే అడిగాను. నీళ్ల కోసమేనా? కొంత అవును. ఏడో తీర్మానం లేక మొత్తం బేరం చెడుతుందన్న భయమా? అదీ ఉంది. కానీ అన్నింటికంటే అడుగున, ఆ ఏడు ఊళ్ల కాగితాలను ఒక్క చేత్తో తయారుచేసినవాడిగా టెక్కలిలో అధికారి బల్ల ముందు నిలబడాలన్న కోరిక ఉంది. నేను మితభాషిని, పుస్తకాలు చదువుకునేవాణ్ణి, ఆశలు లేనివాణ్ణి అని అందరూ అనేవారు. నేనూ అలాగే అనుకున్నాను.

అంతకు ముందు వారం ఆ ఊళ్లో కిడ్నీ రక్తపరీక్షల శిబిరం జరిగింది. నూకాలమ్మ ఇల్లిల్లూ తిరిగి, తిట్టి, బతిమాలి జనాన్ని తీసుకొచ్చింది. రక్తం ఇచ్చినవాళ్లంతా పేరు రాసి సంతకమో వేలిముద్రో వేశారు. ఆ కాగితాల నకలు ఒకటి పంచాయతీ ఆఫీసులో ఉండిపోయింది. దేనికి సంబంధించినవో మొదటి పేజీ మీదే రాసి ఉంది. తర్వాతి పేజీలన్నీ ఉత్త పేర్లు, సంతకాలు.

మొదటి పేజీ తీసేశాను. మిగిలినవి తీర్మానానికి జతచేసి పిన్ను కొట్టాను. చేసినదంతా ఇంతే. ఒక్క నిమిషం కూడా పట్టలేదు.

నూకాలమ్మ పాట ముగించుకుని మధ్యాహ్నం దాటాక వచ్చింది. బుట్ట గుమ్మం బయట పెట్టి, తడి చీర కుచ్చిళ్లు దులుపుకుని కూర్చుంది. కాగితాలు తిప్పి చూసింది. ఆమెకు పేర్లు చదవడం రాదు. కానీ ఎన్ని పేజీలున్నాయో తెలుస్తుంది కదా.

"ఏటి బాబూ, ఇంతమందొచ్చీనారా? అందరూ నాతో పాట కాడే ఉన్నారనుకున్నానే."

"వచ్చారమ్మా. కొందరు మధ్యలో వచ్చి సంతకం పెట్టి వెళ్లారు."

"దీపాల మాట సెప్పినావా? ఏటన్నారు?"

"చెప్పాను. సరేనన్నారు."

"సరేనన్నారా! మా ఊరోలు ఒక్కమాటకి సరేనన్నారంటే సూర్యుడు పడమట పొడిసినాడన్నమాటే." గట్టిగా నవ్వింది. పెన్ను తీసుకుంది. "ఏలుముద్ర కాదు బాబూ, సంతకమే ఎడతాను. నా మనవరాలు నేర్పినాది. గానీ అడ్డంగా పోతాది, సముద్రం మీద పడవలాగ. ఉండుండు, పెన్సిలుతో ఒక గీత గియ్యి. గీత మీద నడిసీసినట్టు ఎట్టీస్తాను."

నేను స్కేలు పెట్టి గీత గీశాను. ఆమె నాలుక కొద్దిగా బయటపెట్టి, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ నూకాలమ్మ అని రాసింది. రాసి, కాగితం దూరంగా పట్టుకుని చూసుకుంది. బాగుందా అని అడిగింది. బాగుందన్నాను.

ఆ గీత చెరపడం మరిచిపోయాను.

ఏడు ఊళ్లకూ కరెంటు వచ్చింది. ప్లాంటు ఆగకుండా నడిచింది. నాకు ఒక శాలువా కప్పారు. రెండు నెలల గడువు ఎవరికీ తెలియకుండానే దాటిపోయింది. టైమర్లు పెట్టారు. ఒడ్డున, పడవలు లాగే చోట, ఎత్తైన స్తంభం మీద ఒక దీపం ఉండేది. మా జాబితాలో అది వీధిదీపాల కింద ఉంది. మిగిలిన వాటితో పాటు అదీ రాత్రి పదకొండుకు ఆరిపోవడం మొదలుపెట్టింది.

తోటల్లో పుట్టినవాణ్ణి. ఆ దీపం వీధిలో నడిచేవాళ్ల కోసం కాదని, చీకట్లో తిరిగొచ్చే పడవలకు అదే ఊరి ఆనవాలని నాకు తెలియదు. దూరం నుంచి రావడానికి ఫోన్లున్నాయి. కానీ ఒడ్డు దగ్గర అలలు విరిగే చోట పడవను ఎటు తిప్పాలో ఫోను చెప్పదు. ఆ దీపాన్ని ముక్కుకు సూటిగా పెట్టుకుని వస్తారు. కొంచెం ఉత్తరానికి పోతే ఏరు సముద్రంలో కలిసే మొగ, అక్కడ నీటి కింద ఇసుక దిబ్బలు. సభ జరిగి ఉంటే ఈ సంగతి ఆ ఊళ్లో పదేళ్ల పిల్లయినా లేచి చెప్పి ఉండేది. గడిలో ఒక్క ముక్క రాసేవాణ్ణి. అంతటితో అయిపోయేది.

తెలియకపోవడమే నా తప్పయితే ఇంత రాయను. నూకాలమ్మ రెండుసార్లు ఫోను చేసింది. ఒడ్డు దీపం ఆరిపోతోంది, బల్బు పాడయినట్టుంది, చూడమని. వీధిదీపాల లెక్కలో అదీ ఉంటుందని ఆమె అనుకోలేదు. అది బల్బు కాదని నాకు తెలుసు. దాన్ని మార్చాలంటే తీర్మానం మళ్లీ తెరవాలి, సభ మళ్లీ పెట్టాలి, పాత సభ సంగతి బయటికి వస్తుంది. "చూస్తానమ్మా" అన్నాను. రెండుసార్లూ అదే మాట అన్నాను.

చంద్రుడు లేని రోజుల్లో, తెల్లవారక ముందు, ఆ ఊరి కుర్రాడు కామేశు పడవ మొగ దగ్గర దిబ్బ తగిలి తిరగబడింది. ముగ్గురు ఈదుకొచ్చారు. కామేశు కాలు ఇంజను కింద నలిగింది. మోకాలి కింద తీసేశారు. అతనికప్పుడు పెళ్లయి ఏడాది కూడా కాలేదు. ఇప్పుడు ఇంటి అరుగు మీద కూర్చుని ఊరందరి వలలూ బాగుచేస్తాడు. వేటకు వెళ్లడు.

వేట లేని రోజున ఊరంతా ఒడ్డున కూర్చుంది. నన్ను పిలిపించారు. టైమర్ల సంగతి వాళ్లకు తెలిసిపోయింది. ఊరంతా ఒప్పుకుని సంతకాలు పెట్టిందని నూకాలమ్మ అంది. మేమెప్పుడు పెట్టామని వాళ్లన్నారు. కాగితాలు తెప్పించారు. ఎవరి సంతకం వాళ్లు గుర్తుపట్టారు. అవి దొంగ సంతకాలు కావు, వాళ్లవే. అప్పుడు ఒకడికి వెలిగింది. రక్తపరీక్షల రోజున పెట్టిన సంతకాలివి. ఆ పరీక్షలకు ఇల్లిల్లూ తిరిగి పిలిచిందెవరు?

ఊరి పెద్ద ఎర్రయ్య నావైపు తిరిగాడు. "కార్యదర్శి బాబూ, నువ్వు సదువుకున్నోడివి, నెమ్మదైనోడివి. నీ మాటంటే మాకు గురి. ఈ కాయితాలు నీకు ఎలాగొచ్చినాయి?"

నేను చెప్పిన మాట అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. "సర్పంచి గారి సంతకంతో ఫైలులోకి వచ్చాయి."

అది అబద్ధం కాదు. ఆమె సంతకం ఉంది, ఫైలులోకి వచ్చాయి. అందుకే అంత బాగా పనిచేసింది. ఇన్నేళ్లు మంచి వాక్యాలు చదివి నేను నేర్చుకున్నది ఇదా?

నూకాలమ్మ నావైపు చూసింది. కోపంగా కాదు. పాటలో ఎవరైనా కుళ్లిన చేపను తాజా చేపల అడుగున పెడితే చూసినట్టు చూసింది. నేను కాగితాలు తెచ్చాననో, నేనే చెప్పాననో అరవలేదు. ఒక్క మాటంది.

"ఆ గీత నువ్వే గీసినావు కద బాబూ."

ఎవరికీ అర్థం కాలేదు. ఏ గీత అని ఒకరిద్దరు అడిగారు. ఆమె చీరకంటిన ఇసుక దులుపుకుని లేచింది. నేను తల దించుకున్నాను. నా నెమ్మదితనానికి అది కూడా ఒక గుర్తులాగే కనిపించి ఉంటుంది.

దీపానికి టైమరు వాళ్లే పీకేశారు. నేను కాగితం సవరించాను. ఒక్క రోజులో అయిపోయింది. ఒక్క రోజు పని అది. ఆమె సర్పంచి పదవి పోలేదు. ఎవరూ ఆమెను కొట్టలేదు, వెలివేస్తున్నామని చాటించలేదు. ఒక్క పని మానేశారు. అక్కడ ఏ పడవ ఒడ్డుకు తగిలినా ఆ చుట్టుపక్కల ఉన్నవాళ్లందరూ తాడు పట్టుకుని లాగుతారు. ఎవరి పడవ అని చూడరు. కోపమున్నా, మాటల్లేకపోయినా, తాడు పట్టుకుంటారు. నూకాలమ్మ ఇంటి పడవకు పట్టుకోవడం మానేశారు.

ఒక పొద్దున ఏదో పని మీద ఒడ్డుకు వెళ్లి అది చూశాను. పడవ వచ్చింది. ఆమె భర్త, కొడుకు దిగి తాడు పట్టారు. పడవ కదల్లేదు. నూకాలమ్మ చీర చెంగు నడుముకు బిగించి తాడు భుజానికి వేసుకుంది. ముప్ఫై మంది నిలబడి చూస్తున్నారు. ఎవడో వెనక నుంచి అన్నాడు: "సర్పంచమ్మ పడవొచ్చిందిరోయ్! దీపమార్పేసినమ్మకి ఎలుతురెందుకు, సాయమెందుకు? కార్యదర్శి బాబూ, నువ్వెల్లి పట్టు తాడు. మీ ఆపీసు పడవే కద!"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. వాచీ చూసుకున్నాను. తాడు చివర నా కాళ్లకు రెండు మూరల దూరంలో ఇసుక మీద పడి ఉంది.

మీరు నన్ను దేనికైనా క్షమించగలరేమో. సంతకాలకు, ఖాళీ గడికి, ఎర్రయ్యకు చెప్పిన మాటకు కూడా ఏదో కారణం వెతకవచ్చు. ఆ నవ్వుకు నేను ఇప్పటికీ కారణం వెతకలేకపోయాను.

తర్వాత నా భార్య పోయింది. నూకాలమ్మ పరామర్శకు వచ్చింది. ఎండు చేపలు కాదు, కొబ్బరికాయలు తెచ్చింది, చావు ఇంటికి నీసు తేకూడదని. గుమ్మంలోనే కూర్చుని, కాసేపుండి వెళ్లిపోయింది. అప్పుడు చెప్పవలసింది. చెప్పలేదు. నా దుఃఖం చాటున దాక్కున్నాను. మళ్లీ అదే చాటు. ఆ తర్వాత రెండేళ్లకు ఆమె కాళ్లు వాచాయి. పలాసలో, నా భార్య పడుకున్న అదే వరండా గుండా ఆమెను తీసుకెళ్లారని విన్నాను. వెళ్లి చూడలేదు. వెళ్లాలని రెండుసార్లు బస్సెక్కాను. ఒకసారి టెక్కలిలో దిగిపోయాను. ఒకసారి పలాస దాకా వెళ్లి, ఆస్పత్రి ఎదుట టీ తాగి తిరిగొచ్చాను.

ఆమె పోయిన పదో రోజున ఊరికి వెళ్లాను. ఒడ్డున ఆమె కొడుకు పడవ లాగుతున్నాడు. తండ్రికి ఓపిక లేదు. ఇద్దరు కుర్రాళ్లు మాత్రం వచ్చి తాడు పట్టారు. కూలికి పిలిచిన పొరుగూరి వాళ్లట. ఆమె పోయాక కూడా ఊరు మరిచిపోలేదు. ఊరిని తప్పు పట్టలేను. వాళ్లకు తెలిసినంతలో వాళ్లది న్యాయమే. కామేశు కాలు కళ్ల ముందుంది. వాళ్లకు తెలియనిది నా దగ్గరే ఉంది. ఆ రోజు కూడా దాన్ని నా దగ్గరే ఉంచుకుని ఇంటికొచ్చేశాను.

ఏడు ఊళ్ల కరెంటు ఇంకా నడుస్తోంది. ప్లాంటు దగ్గర బిందెలు వరుసలో ఉంటాయి. ఇంకో నాలుగు పంచాయతీలు అలాగే కలిసి కొనాలనుకుంటున్నాయట. ఎలా చేశారో చెప్పమని నాకు కబురు పెట్టారు. మంచి పనే. మంచి పని కాకపోయి ఉంటే నేను ఎప్పుడో నిజం చెప్పి ఉండేవాణ్ణేమో. మంచి పని అడుగున దాచినది అంత త్వరగా బయటపడదు.

ఇంతవరకు రాశాక ఒకటి అర్థమైంది. పేరు దాచుకుని మీకు చెబితే నా గుండె కొంచెం తేలికవుతుంది. ఆమె పేరు మీద పడిన మచ్చ మాత్రం అలాగే ఉంటుంది. ఆ తాడు అలాగే ఇసుకలో పడి ఉంటుంది. అందుకని ఇది పక్కన పెట్టి, ఇంకో కాగితం తీసుకున్నాను. దాని మీద ఎక్కువ రాయలేదు. ఆ రోజు సభ జరగలేదు. పిన్ను కొట్టింది నేను. నూకాలమ్మకు తెలియదు. ఈ మూడు మాటలే. ఇన్నేళ్ల తర్వాత చూస్తే ఇంత చిన్నవా అనిపించింది.

కింద సంతకం పెట్టబోయి ఆగాను. పెన్సిలు తెచ్చుకుని, స్కేలు పెట్టి ఒక గీత గీశాను. దాని మీద నా పూర్తి పేరు రాశాను.

రేపు వాళ్లకు వేట లేదు. అందరూ ఒడ్డునే ఉంటారు.